కోడలి హస్తవాసి

ఆ ఇంట్లో మామా కోడళ్ళకు మాటలు కలిపింది ఒక సూది.

అంతకు ముందు ఏడాది పైగా మామగారు కోడలితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. కొడుకు తమతో చెప్పకుండా ఒక నర్సుని పెళ్ళి చేసుకుని తిన్నగా గుమ్మంలోకి తీసుకొచ్చాడని ఆయన కోపం. తప్పు చేసింది కొడుకే అయినా, కొడుకుతో మాట్లాడకుండా ఉండటం ఆయన వల్ల కాదు. అందుకని ఆ కోపమంతా కోడలి మీదికి మళ్ళించాడు. దాహం వేస్తే గోడకేసి చూసి, "ఈ ఇంట్లో ఎవరైనా ఉంటే కాసిని మంచినీళ్ళు ఇస్తారేమో" అనేవాడు. కోడలు గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి, తనూ ఆ గోడకే చెప్పేది.

"ఎవరికైనా దాహంగా ఉంటే నీళ్ళు ఇక్కడున్నాయి."

అత్తగారికి నవ్వు ఆగేది కాదు. "ఆ గోడకే నోరుంటే మీ ఇద్దరికీ గడ్డి పెట్టేది" అనేది.

మామగారిది సైకిళ్ళు బాగుచేసే కొట్టు. లోపల ముగ్గురు నిలబడితే నాలుగో మనిషి రోడ్డు మీద ఉండాల్సిందే. పంక్చర్లు వెతికే నీళ్ళ తొట్టి ఒకటి, పైన కొక్కేలకు వేలాడే టైర్లు, ఎన్నేళ్ళు కడిగినా పోని గ్రీజు మరకల చేతులు. ఆ చేతులతో ఆయన తిరుగుతున్న చక్రాన్ని ఊరికే తాకి, ఎక్కడ వంకర ఉందో చెప్పేసేవాడు.

ఒకరోజు అలా చక్రం సరిచేస్తుండగా ఆయన గుండె ఉన్నట్టుండి పరుగందుకుంది. పక్క కొట్టువాళ్ళు దగ్గర్లోని చిన్న క్లినిక్కుకి తీసుకెళ్ళారు. అక్కడ ముంజేతి మీద సన్నటి నరం చూసి, మెల్లగా ఒక ఇంజెక్షను వేశారు. గుండె లొంగలేదు. ఇంకో రెండుసార్లు వేశారు. వేసిన ప్రతిసారీ ప్రాణం గొంతులోకి వచ్చి వెళ్ళింది తప్ప దడ తగ్గలేదు. చివరికి పెద్దాసుపత్రికి పంపించారు. అక్కడ ఎమర్జెన్సీలో ఆ పూట డ్యూటీ కోడలిదే.

మంచం మీద ఉన్నది ఎవరో ఆమె చూసింది. అయినా చేతులు వణకలేదు. ఆ ఉద్యోగంలో ముందు నేర్చుకునేది అదే.

"మామయ్యా, ఇటు చూడండి."

ఆయన అలవాటు కొద్దీ గోడకేసి చూశాడు.

"గోడని తర్వాత చూద్దురుగాని. ముందు నన్ను చూడండి. మీకు ఇప్పుడు ఒక మందు వేస్తాను. ఛాతీ మీద బండరాయి పెట్టినట్టుంటుంది. ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. కానీ పోదు. నేను పోనివ్వను."

ఆ మందు పేరు అడినోసిన్. దానికి ఆయుష్షు చాలా తక్కువ. నెత్తుట్లో పడ్డాక కొన్ని క్షణాల్లోనే కరిగిపోతుంది. ఆ లోపల గుండెను చేరితేనే పని జరుగుతుంది. అందుకే మోచేతి మడతలో లావాటి నరం చూసుకోవాలి, మందు వెనకాలే ఉప్పునీళ్ళు ఒక్క ఉదుటున తోసెయ్యాలి, చెయ్యి పైకెత్తి పట్టుకోవాలి. కోడలు అలాగే చేసింది. గుండె కొట్టుకోవడం చూపే తెర మీద దువ్వెన పళ్ళలా ఒత్తుగా పరిగెడుతున్న గీత గుండె ఆగినట్టు ఒక్కసారిగా చదునైపోయింది. మామగారి కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె చేతిని పట్టుకున్న ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. తర్వాత గీతలో ఒక కొన లేచింది. ఇంకొకటి లేచింది. గుండె మామూలు నడకలో పడింది.

ఆయన ఆమె కళ్ళలోకి చూసి అన్నాడు.

"చైను ఎక్కింది, అమ్మాయ్."

కోడలిని ఆయన అమ్మాయ్ అనడం అదే మొదలు.

"చైను పడిపోతే పెడలు గిరగిరా తిరుగుతుంది, బండి మాత్రం కదలదు. నాకూ అంతే అయింది. వాళ్ళు మూడుసార్లు పొడిచినా ఎక్కని చైను నువ్వు ఒక్కసారికే ఎక్కించావు. నీ హస్తవాసి గొప్పది."

"హస్తవాసీ లేదు, ఏమీ లేదు మామయ్యా. లావు నరం, గట్టి తోపు. అంతే."

"చాల్లే. నువ్వు చెబితే నేను వినాలా? నా గుండె, నాకు తెలీదూ?"

ఆ తర్వాత ఆ జబ్బు అప్పుడప్పుడు వచ్చిపోయే చుట్టమైంది. వచ్చినప్పుడల్లా ఆయన నేరుగా కోడలి దగ్గరికే వచ్చేవాడు. ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టే చిట్కా ఒకటి ఆమె నేర్పింది. కొన్నిసార్లు దానితోనే తగ్గేది. తగ్గనప్పుడు సూది. వీధిలో ఎవరికి జ్వరమొచ్చినా, "మా కోడలి చేత ఒక సూది వేయించుకో, హస్తవాసి" అని పంపేవాడు. "నేను చేసేది డ్యూటీనా, జాతరా?" అని ఆమె విసుక్కునేది. లోపల మాత్రం ముచ్చటగా ఉండేది. ఏడాది పైగా గోడతో మాట్లాడిన మనిషి, ఇప్పుడు ఊరందరితో తన గురించే మాట్లాడుతున్నాడు. ఆ ఇంట్లో తనకు దొరికిన మొదటి కానుక ఆ మాటే. అది తప్పని ఎన్నిసార్లు చెబుతుంది? ఒకటి రెండుసార్లు చెప్పింది. తర్వాత మానేసింది. ఒకనాడు తోటి నర్సులందరి ముందు, "అవును మరి, మా మామయ్య గుండె నా మాట తప్ప ఇంకెవరి మాటా వినదు" అని నవ్వింది కూడా. ఆయన మంచం మీద పడుకునే, మీసం మెలేసినంత పని చేశాడు.

జబ్బు వేళ్ళతో సహా పోవడానికి వేరే వైద్యం ఉందని డాక్టర్లు చెప్పారు. "ఇంట్లో మెకానిక్కుని పెట్టుకుని బండి షోరూముకి పంపుతామా?" అన్నాడాయన. అందరూ నవ్వారు. కోడలూ నవ్వింది.

*

ఆ రోజు కోడలు పొద్దెక్కేదాకా నిద్రపోయింది. ముందు రోజు ఒక నర్సు రాకపోతే రెండు డ్యూటీలు కలిపి చేసి వచ్చింది. మళ్ళీ రెండింటికి వెళ్ళాలి. లేచేసరికి అత్తగారు అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని, గడియారం కేసి చూస్తోంది.

"మొత్తం తిను. మధ్యలో లేవకు."

"తింటున్నాగా."

"తిని, ఇవాళ కాస్త ముందే బయల్దేరు."

"ఏంటత్తయ్యా, నన్ను గెంటేస్తున్నారు?"

"నిన్ను నేను గెంటితే, నన్ను మీ మామయ్య గెంటుతాడు. తిను ముందు."

కోడలు నవ్వుతూ తిన్నది. అడిగి రెండోసారి వడ్డించుకుంది. అత్తగారు ఆమె జడ చివర ఊడిపోయి ఉంటే తనే అల్లిపెట్టింది. అలా అల్లడం అలవాటు కాదు. ఆ చేతులు ఏదో ఒక పని కోసం వెతుక్కుంటున్నట్టు ఉన్నాయని కోడలికి తర్వాత అనిపించింది, అప్పుడు కాదు.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలా మనిషి ఎదురొచ్చాడు. మామగారు అతని సైకిలు ఎప్పుడూ డబ్బు తీసుకోకుండా బాగుచేసేవాడు. ఇద్దరికీ స్నేహం.

"సిస్టర్, మీ మామగారు వచ్చారు. పొద్దుట్నుంచీ ఆ బల్ల మీదే కూర్చున్నారు. ఊరికే వచ్చా, కోడలితో పనుంది అన్నారు. టీ తెస్తానంటే వద్దన్నారు."

ఆమె పరిగెత్తింది.

ఎమర్జెన్సీ తలుపుకి పది అడుగుల దూరంలో, వచ్చేపోయేవాళ్ళు కూర్చునే ఇనప బల్ల మీద, గోడకు తల ఆనించి ఉన్నాడాయన. చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. ముఖం బూడిద రంగులో ఉంది. కోడలిని చూడగానే ఆ ముఖంలోకే నవ్వు వచ్చింది.

"వచ్చావా! చైను పడింది, అమ్మాయ్."

"ఎప్పుడు పడింది?"

"పొద్దున కొట్టు తీయగానే. నువ్వు నేర్పినట్టు ఊపిరి బిగబట్టి చూశా. పని చెయ్యలేదు."

"మరి లోపలికి ఎందుకు వెళ్ళలేదు మామయ్యా? లోపల డాక్టరున్నారు, నర్సులున్నారు!"

"వాళ్ళెవరో పొడిచి, ఎక్కక, మళ్ళీ పొడిచి... ఆ బాధ నాకొద్దు. రెండింటికి నువ్వొస్తావుగా. ఆసుపత్రిలోనే కూర్చున్నా కదా, ఇంకేం భయం?"

ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి పీచులా తగిలింది.

చక్రాల కుర్చీ వచ్చింది. లోపల మంచం మీదికి చేర్చి తీగలు అంటించారు. కోడలి చేతులు ఆమె చెప్పకుండానే అడినోసిన్ ఉన్న పళ్ళెం వైపు వెళ్ళాయి. అప్పుడు తెర మీద గీత కనబడింది. చేతులు అక్కడే ఆగిపోయాయి. దువ్వెన పళ్ళు లేవు. వెడల్పాటి అలలు, ఒకదాని మీద ఒకటి విరుచుకుపడుతున్నాయి.

"సిస్టర్, ఇది అది కాదు," అంది డ్యూటీ డాక్టరమ్మ.

"తెలుసు మేడమ్."

"గుండె కింది గదుల్లోంచి వస్తోంది. ఎప్పుడో చప్పుడు లేకుండా గుండెపోటు వచ్చి ఉంటుంది, కండరం దెబ్బతింది. బీపీ ఇంకా నిలబడే ఉంది, కానీ దిగుతోంది. అమియోడరోన్ సెలైన్లో కలిపి ఎక్కించండి. షాకు మిషను పక్కనే పెట్టండి."

కోడలు మందు కలిపింది. ఇది అడినోసిన్ లాంటిది కాదు. దీన్ని ఉదుటున తోయకూడదు, బీపీ పడిపోతుంది. చుక్క చుక్కగా వెళ్ళాలి. అంటే దీనికి సమయం కావాలి. ఆ సమయం పొద్దుట్నుంచీ గోడ అవతల బల్ల మీద కూర్చుని ఉంది.

మామగారు సీసా కేసి అనుమానంగా చూశాడు.

"ఇదేంటి, చుక్కలు చుక్కలుగా? ఆ గబుక్కున పోయేది వెయ్యి."

"అది దీనికి పనికిరాదు మామయ్యా. ఈసారి పడింది చైను కాదు."

"మరి?"

రోగికి భయపెట్టే మాట చెప్పకూడదు. కానీ ఈయన జీవితమంతా బళ్ళు విప్పి చూసిన మనిషి.

"ఇరుసు పట్టేసింది."

"ఇరుసా," అన్నాడాయన. సైకిళ్ళు బాగుచేసే మనిషికి అంతకన్నా విడమర్చి చెప్పక్కర్లేదు. "ఈ మధ్య మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. వయసనుకున్నా... ఈ మందు కూడా నువ్వేగా వేస్తోంది?"

"నేనే."

"అయితే సరే."

ఆమె చుక్కలు చూస్తూ నిలబడింది. ఇంకో చేత్తో ఆయన చెయ్యి పట్టుకుంది. గోళ్ళ చుట్టూ గ్రీజు నల్లగా అలాగే ఉంది. ముందు రోజు ఎవరిదో చక్రం విప్పి ఉంటాడు.

"షట్టరు సగమే దించి వచ్చా," అన్నాడాయన. "పక్క కొట్టువాడికి ఒక ఫోను..."

"చేస్తాను."

"మీ అత్తయ్యకి చెప్పు..."

ఏం చెప్పాలో చెప్పలేదు. కళ్ళు పైకి తిరిగాయి. వేళ్ళు జారిపోయాయి.

ఆ తర్వాత జరిగినదంతా కోడలు చాలామంది దగ్గర చేసిందే. షాకిచ్చారు. అలలు పోయి తెర మీద అర్థం లేని పిచ్చిగీతలు మిగిలాయి. ఛాతీ మీద ఒకరి తర్వాత ఒకరు అదుముతూనే ఉన్నారు. మళ్ళీ షాకిచ్చారు. "సొంత మనిషి, నువ్వు బయటికి వెళ్ళమ్మా" అంది పెద్ద నర్సు. ఆమె వెళ్ళలేదు. డాక్టరమ్మ అమియోడరోన్ అడిగితే తనే అందుకుంది. నాడి ఆగిపోయాక అదే మందుని ఉదుటున తోసెయ్యాలి. మోచేతి మడతలో ఆ లావాటి నరం ఆమెకు కంటి ముందు గీతలా తెలుసు. తోసింది. ఉప్పునీళ్ళు తోసింది. చెయ్యి పైకెత్తి పట్టుకుంది.

"మామయ్యా, ఇటు చూడండి. నన్ను చూడండి."

గదిలో ఎవరూ ఆమెను వారించలేదు.

గీతలో కొన లేస్తుందని చూసింది. అందరూ చూశారు. లేవలేదు. చాలాసేపటికి డాక్టరమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కోడలు తను ఎత్తి పట్టుకున్న ఆయన చేతిని మెల్లగా, నొప్పి పుడుతుందేమో అన్నట్టు, కిందికి దించి పక్క మీద పెట్టింది.

*

భర్త పని చేసే చోటునుంచి పడుతూ లేస్తూ వచ్చాడు. గేటు దగ్గర కాపలా మనిషి తల బాదుకుంటూ అతనికి చెప్పనే చెప్పాడు. "నా కళ్ళెదురుగానే కూర్చున్నారు బాబూ. నాకు చెప్పుంటే మోసుకుపోయేవాణ్ణి కదా."

అతను తండ్రి ముఖం చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"అంతసేపు బయట ఎందుకు కూర్చున్నాడు?"

"నా చేత వేయించుకోవాలని."

"నీకు ఫోను చెయ్యలేదా?"

"లేదు. నేను పడుకున్నాను."

అతను మంచం అంచున కూర్చుని తండ్రి పాదాలను రెండు చేతులతో పట్టుకున్నాడు, చలి వేస్తున్న పిల్లాడి పాదాలు పట్టుకున్నట్టు. ఆమె అతని పక్కకు వెళ్ళాలనుకుంది. వెళ్ళలేదు.

ఇంటి నిండా జనం. వచ్చినవాళ్ళు వచ్చినట్టు అత్తగారి పక్కన కూర్చుని ఒకే మాట అన్నారు. "ఎంత అదృష్టవంతుడు, కోడలి చేతుల్లో పోయాడు. ఆయనకి ఆ చేతుల మీద ఎంత నమ్మకమో!" ఆ మాట విన్నప్పుడల్లా కోడలు తన చేతుల్ని ఒళ్ళో దాచుకుంది. దాచడానికి చోటు చాలలేదు.

అందరూ వెళ్ళాక, మర్నాడు మధ్యాహ్నం, వంటగదిలో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్న కోడలి పక్కకు అత్తగారు వచ్చి నిలబడింది. నీళ్ళ కొళాయి కట్టేసింది.

"అమ్మాయ్, ఒక మాట. మీ ఆయనకి చెప్పకు."

"చెప్పండి."

"నిన్న పొద్దున మీ మామయ్య నాకు ఫోను చేశాడు. దడ వచ్చిందన్నాడు. కోడల్ని లేపు అంటే, నేనే వద్దన్నా. రెండు డ్యూటీలు చేసి వచ్చి ఒళ్ళు తెలీకుండా పడుకునున్నావు. ముందు రోజు తిండి కూడా సరిగ్గా లేదు. లేపితే తినకుండా పరిగెడతావని..." ఆమె చెయ్యి ఇంకా కొళాయి మీదే ఉంది. "ఆసుపత్రికి పోయి కూర్చో, రెండింటికి వస్తుంది, దాని చేతనే వేయించుకో అన్నా. ఆయన కాదు, నేనే అన్నా. ఆయనా అదే అనుకుంటున్నాడేమో, సరే అన్నాడు."

కోడలికి నిన్న తాను రెండోసారి వడ్డించుకున్న అన్నం గుర్తొచ్చింది. నోట్లో ఇంకా ఆ ముద్ద ఉన్నట్టే అనిపించింది.

"నువ్వు నర్సువి. నువ్వే చెప్పు," అంది అత్తగారు. "పొద్దున్నే లోపలికి వెళ్ళుంటే బతికేవాడా?"

కోడలికి తెలుసు. పొద్దున బీపీ నిండుగా ఉండి ఉంటుంది. ఎవరి చేతులైతేనేం, లోపల ఏ మంచం మీద ఏ కొత్త నర్సు వేసినా అవే చుక్కలు అదే నరంలో దిగేవి. దిగడానికి కావలసినంత సమయం ఉండేది. అందరూ బతకరు. చాలామంది బతుకుతారు. హస్తవాసి అంటూ ఏదీ లేదు. అది ఆయనకు గట్టిగా చెప్పాల్సిన మనిషి తనే.

అత్తగారు ఆమె పెదాలనే చూస్తోంది. నిన్నటికీ ఇవాళ్టికీ ఆ ముఖం చిక్కి సగమైంది.

"లేదత్తయ్యా," అంది కోడలు. "ఎప్పుడొచ్చినా అంతే. ఇరుసే పోయింది. ఎవరివల్లా కాదు."

"నిజంగానా?"

"నిజంగా."

అత్తగారు తడిగా ఉన్న కోడలి చేతులు రెండూ లాక్కుని, తన చీరకే తుడిచింది. కోడలు నోరు తెరవబోయింది. ఆ హస్తవాసి మాటని నేనే పెంచి పోషించాను అత్తయ్యా, నాకు ఇష్టంగా ఉండేది అత్తయ్యా, అని. అది చెబితే ఇప్పుడిచ్చిన 'లేదు' అనే మాట విరిగిపోతుంది. మింగేసింది.

కానీ ఆ మాట అత్తగారికి ఒక పూటకి మించి నిలవలేదు. సాయంత్రం మళ్ళీ అడిగింది. మర్నాడు గిన్నెలు సర్దుతూ అడిగింది. ఇంకోనాడు నిద్రలోంచి లేచి వచ్చి అడిగింది. అడిగిన ప్రతిసారీ కోడలు మొదటిసారి వింటున్నట్టే విని, మొదటిసారి చెబుతున్నట్టే చెప్పింది.

తిరిగి డ్యూటీలో చేరే రోజు వచ్చింది. కోడలు తిని, జడ వేసుకుని, గుమ్మం దాటి మెట్టు మీద చెప్పులేసుకుంది. భర్త రోడ్డు మీద బండి తీసి ఎదురుచూస్తున్నాడు. మామగారు పోయాక ఇద్దరూ కలిసి బయటికి వెళ్ళడం అదే మొదటిసారి. ఇంతలో లోపల్నుంచి అత్తగారి పిలుపు వినిపించింది.

"అమ్మాయ్..."

ఆ పిలుపు వెనక ఏముందో ఆమెకు తెలుసు. "ఒక్క నిమిషం" అని భర్తకి చేత్తో చూపించింది.

"ఆలస్యమవుతుంది," అన్నాడతను.

"అవనీ."

చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది. అత్తగారి ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకుని, తొందరేమీ లేనట్టుగా కూర్చుంది.

"అడగండత్తయ్యా," అంది.